అల్లుడుగారు ముందే కట్టేస్తానంటున్న భోజనం: సరే అనాలా, వద్దనాలా?

ప్రశ్న: మాది విశాఖ, ఎం.వి.పి. కాలనీ. ఈ వేసవిలో అమ్మాయి దగ్గరకు అట్లాంటా వెళ్తున్నాం. జూన్‌లో అందరం కలిసి కారులో ఓర్లాండో వెళ్ళి, డిస్నీ వరల్డ్ వాళ్ళ హోటల్లోనే నాలుగు రాత్రులు ఉందామని అల్లుడుగారి ఆలోచన. మేమిద్దరం, వాళ్ళిద్దరు, మనవడికి 11 ఏళ్ళు, మనవరాలికి 5. నేను శాకాహారిని, గుడ్డు కూడా ముట్టను. మావారు శనివారం తప్ప చికెన్ తింటారు, కానీ షుగర్ ఉంది. మిగతావాళ్ళు బీఫ్ తప్ప అన్నీ తింటారు. గదులతో పాటే 'డైనింగ్ ప్లాన్' కొనేస్తే అన్ని భోజనాలకూ ముందే కట్టేసినట్టు, అక్కడ పర్సు తియ్యక్కర్లేదు అంటున్నారు అల్లుడుగారు. ఆరుగురికీ కలిపి రెండు వేల డాలర్ల పైనే అవుతుందట. మా ఇద్దరి తిండి ఎంతని! వద్దంటే ఏమనుకుంటారో, ఊరుకుంటే అంత డబ్బు వృథా అవుతుందేమో. ఏం చెయ్యమంటారు?

సమాధానం: మీ ఇద్దరికీ వద్దనండి, అమ్మా. మొహమాటపడక్కర్లేదు, ఎందుకు వద్దో లెక్కతో సహా కింద ఇస్తున్నాం, అల్లుడుగారికే చూపించండి. అమ్మాయి వాళ్ళ నలుగురికీ మాత్రం అంత తేలిగ్గా వద్దనలేం. అది మనవరాలు మిక్కీ, డోనల్డ్ పక్కన కూర్చుని ఎన్ని పూటలు భోంచెయ్యాలనుకుంటోందన్న దాని మీద ఉంటుంది.

ముందు ఆ ప్లాన్ ఏమిటో చూద్దాం. కోవిడ్ వచ్చిన 2020లో ఆపేసి, 2024 జనవరి 9న డిస్నీ మళ్ళీ మొదలుపెట్టింది. ఇప్పుడున్నవి రెండే రకాలు. మొదటిది 'క్విక్ సర్వీస్' ప్లాన్: ఒక్కో రాత్రికి ఒక్కో మనిషికి రెండు కౌంటర్ భోజనాలు, ఒక చిరుతిండి. రెండోదాన్ని 'డిస్నీ డైనింగ్ ప్లాన్' అంటారు, మనం 'టేబుల్ ప్లాన్' అందాం: ఒక టేబుల్ భోజనం, ఒక కౌంటర్ భోజనం, ఒక చిరుతిండి. రెండింట్లోనూ మనిషికో ప్లాస్టిక్ మగ్గు ఇస్తారు. హోటల్లో ఉన్నన్నాళ్ళూ దాంట్లో కాఫీ, టీ, కూల్‌డ్రింకులు ఎన్నిసార్లైనా నింపుకోవచ్చు, పార్కుల్లో మాత్రం చెల్లదు. పొద్దున ఎనిమిదికి పార్కుకు వెళ్ళి రాత్రి పదింటికి గదికి చేరే కుటుంబానికి ఆ మగ్గుతో పొద్దుటి కాఫీ తప్ప పెద్దగా ఒరిగేది లేదు.

కౌంటర్ భోజనం అంటే ఒక ప్రధాన వంటకం, ఒక డ్రింకు. అంతే, తీపి ఉండదు. టేబుల్ భోజనం అంటే కూర్చోబెట్టి వడ్డించేది: ప్రధాన వంటకం, తీపి, డ్రింకు, లేదా ఆ రెస్టారెంట్ బఫే పద్ధతైతే మొత్తం బఫే. స్టార్టర్లు రావు. 21 ఏళ్ళు దాటినవారికి ఆ డ్రింకు బీరో, వైనో, కాక్‌టెయిలో కూడా కావచ్చు. ఈ సంగతి గుర్తుంచుకోండి, లెక్కలో మళ్ళీ వస్తుంది.

ఇక ధర. 2024లో మళ్ళీ మొదలైనప్పుడు రాత్రికి పెద్దలకు క్విక్ ప్లాన్ 57.01 డాలర్లు, టేబుల్ ప్లాన్ 94.28. పిల్లలకు 23.83, 29.69. ఆ తర్వాత పెంచారు కాబట్టి మీ తేదీలకు బుకింగ్ తెర మీద కనబడే అంకె ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. కింది లెక్కలన్నీ 2024 ధరలతో వేశాం. పద్ధతి అదే, అంకెలు మార్చి వేసుకుంటే చాలు.

ఇక్కడ మొదటి మెలిక మీ మనవడు. డిస్నీ దృష్టిలో పిల్లలంటే 3 నుంచి 9 ఏళ్ళ వాళ్ళే. పదో ఏడు నిండితే పెద్దవాడి కిందే లెక్క. పదకొండేళ్ళ అబ్బాయి రెండు చికెన్ బర్గర్లు లాగించినా, నాలుగు ఫ్రెంచ్ ఫ్రైస్ కొరికి వదిలేసినా రోజుకు 94.28 పడుతుంది. అంటే మీ కుటుంబంలో ఐదుగురు పెద్దలు, ఒక్క పిల్ల. నాలుగు రాత్రులకు టేబుల్ ప్లాన్ పెద్దలకు తలకు 377.12, పాపకు 118.76, వెరసి 2,004.36 డాలర్లు. అల్లుడుగారు చెప్పిన రెండు వేలు ఇదే అయ్యుంటుంది. మనవడిని పిల్లల లెక్కలో వేసి చూసుకున్నారేమో మాత్రం ఓసారి అడగండి, చాలామంది అక్కడే పొరబడతారు.

రెండో మెలిక గది. ఒక బుకింగ్‌లో ఉన్న మూడేళ్ళు దాటిన ప్రతి ఒక్కరూ ప్లాన్ తీసుకోవాలి, ఉన్నన్ని రాత్రులకూ తీసుకోవాలి. 'మాకు వద్దు, పిల్లలకు చాలు' అంటే కుదరదు. అదృష్టం ఏమిటంటే మీరు ఆరుగురు. డిస్నీ మామూలు గదుల్లో ఎక్కువ వాటికి నలుగురే పరిమితి కాబట్టి ఎలాగూ రెండు గదులు కావాలి. ఆ రెంటినీ రెండు వేరు వేరు బుకింగ్ నంబర్లతో తియ్యమనండి. అప్పుడు మీ గది ప్లాన్ లేకుండా, వాళ్ళ గది ప్లాన్‌తో ఉండొచ్చు. పక్కపక్క గదులు కావాలని రెండు బుకింగ్‌లనూ కలిపి నోట్ రాయించుకోవచ్చు, దానికి ప్లాన్‌తో సంబంధం లేదు. అలా కాకుండా 'ఆర్ట్ ఆఫ్ యానిమేషన్' హోటల్లో ఆరుగురు పట్టే ఫ్యామిలీ సూట్ తీశారనుకోండి, అది ఒకే బుకింగ్. అందరికీ ప్లాన్ ఉండాలి, లేదా ఎవరికీ ఉండకూడదు. సూట్‌లో మైక్రోవేవ్ ఉంటుంది కాబట్టి ఆశ పుడుతుంది. తీసుకుంటే తీసుకోండి గానీ, అప్పుడు ప్లాన్ మాట పూర్తిగా మరిచిపోవడమే మేలు.

ఇప్పుడు మీ ఇద్దరి పళ్ళెం లెక్క. పొద్దున గదిలోనే ఏదో తింటారు (ఎలాగో తర్వాత చెప్తాం). మధ్యాహ్నం, రాత్రి కౌంటర్లో తలా ఒక వంటకం. మాంసం లేని ప్లేట్లు సాధారణంగా చవక రకంలోనే ఉంటాయి, 14 డాలర్లు అనుకుందాం. మంచినీళ్ళు ఉచితం: కౌంటర్లో అడిగితే ఐస్ నీళ్ళ గ్లాసు డబ్బు లేకుండా ఇస్తారు, విడిగా ఏమీ కొనక్కర్లేదు కూడా. సాయంత్రం తలా ఒక ఐస్‌క్రీమో, పాప్‌కార్నో, 7 డాలర్లు. ఇద్దరికీ రోజుకు నాలుగు ప్లేట్లు 56, చిరుతిండి 14, మొత్తం 70. దాని మీద అమ్మకపు పన్ను 6.5 శాతం కలిపితే 74.55. నాలుగు రోజులకు 298.20. అదే తిండికి క్విక్ ప్లాన్ 456.08 డాలర్లు. టేబుల్ ప్లాన్ అయితే 754.24. పైగా అక్కడి ప్లేట్లు మన ఇద్దరు తినేంత ఉంటాయి. ఒక ప్లేటు ఇద్దరూ పంచుకున్న పూట ఖర్చు ఇంకా తగ్గుతుంది. కౌంటర్లలో కిడ్స్ మీల్ పెద్దలు కూడా ఆర్డర్ పెట్టుకోవచ్చు, చిన్న ఆకలికి అది చాలు. మీ మనవడికీ ఈ కిటుకు పనికొస్తుంది.

మరి ఆ తేడా అంతా ఎక్కడికి పోతోంది? ఖరీదైన వంటకం, దాంతో పాటు ఖరీదైన డ్రింకు తీసుకునేవాళ్ళను దృష్టిలో పెట్టుకుని ప్లాన్ ధర కట్టారు. నీళ్ళు తాగే శాకాహారి కూడా ఆ ధరే కడతారు. మీవారి విషయంలో ఇంకోటి ఉంది. టేబుల్ భోజనంలో వచ్చే తీపికి కూడా డబ్బు కట్టినట్టే, షుగర్ ఉన్నవారు దాన్ని వదిలెయ్యాలి, లేదా 'కట్టేశాం కదా' అని తినాలి. రెండూ నష్టమే. పండ్లు ఇస్తారా అని అడగవచ్చు, ఇచ్చిన చోట ఇస్తారు.

అమ్మాయి వాళ్ళ గది సంగతి వేరు. ముందు మనవరాలిని చూడండి. మిక్కీ, మిన్నీ వేషాల్లో వాళ్ళు టేబుల్ దగ్గరికే వచ్చి ఫోటోలు దిగే భోజనాలను 'క్యారెక్టర్ డైనింగ్' అంటారు. కాంటెంపరరీ హోటల్లోని షెఫ్ మిక్కీస్, యానిమల్ కింగ్‌డమ్ పార్కులోని టస్కర్ హౌస్ ఆ రకానివే, వాటిల్లో మనిషికి ఒక టేబుల్ క్రెడిట్ (ప్లాన్‌లో ఒక టేబుల్ భోజనానికి వచ్చే టికెట్ లాంటిది) చాలు. అలాంటి భోజనం డబ్బిచ్చి కొంటే పెద్దలకు సుమారు 65, పిల్లలకు 40 డాలర్ల దాకా ఉంటుంది. పాప రోజు లెక్క: ఈ భోజనం 40, కౌంటర్లో కిడ్స్ మీల్ 9, చిరుతిండి 7, పన్నుతో 59.64. ప్లాన్‌లో 29.69. సగానికి సగం మిగిలింది. మామూలు టేబుల్ హోటల్లో పిల్లల ప్లేటు 14 అనుకున్నా రోజుకు 31.95 అవుతుంది, అప్పుడూ ప్లాన్‌దే పైచేయి. పిల్లల ప్లాన్ దాదాపు ఎప్పుడూ నష్టం రాదు. 2026లో అయితే పెద్దలు ప్లాన్ కొంటే 3 నుంచి 9 ఏళ్ళ పిల్లలకు ఉచితం అని డిస్నీ ప్రకటించింది. మీ తేదీలకూ, మీరు తీసుకునే ప్యాకేజీకీ అది వర్తిస్తే బుకింగ్ తెర మీద పాప ఎదురుగా సున్నా కనబడాలి. కనబడకపోతే కట్టేముందే అడగమనండి.

చిక్కల్లా పెద్దలతోనే. క్యారెక్టర్ భోజనం తిన్న రోజు పెద్దవారికి 65, కౌంటర్ భోజనం డ్రింకుతో 21, చిరుతిండి 7, మొత్తం 93, పన్నుతో 99 డాలర్లు. ప్లాన్ 94.28. అయిదు డాలర్లు మిగిలాయి, సరే. అదే మామూలు టేబుల్ హోటల్లో ప్రధాన వంటకం 28, తీపి 11, కూల్‌డ్రింకు 5 అనుకుంటే ఆ రోజు మొత్తం 72, పన్నుతో 76.68. ప్లాన్ వల్ల 17.60 పోయింది. కూల్‌డ్రింకు బదులు రెండు పూటలా బీరో కాక్‌టెయిలో తీసుకునేవారికి ఆ తేడా సర్దుకుంటుంది. మీ అల్లుడుగారికి ఆ అలవాటు ఉందో లేదో మీరు రాయలేదు, రాయక్కర్లేదు కూడా. ఆ గడి ఆయన్నే నింపుకోమనండి.

కాబట్టి ఆ నలుగురికి (మనవడితో కలిపి ముగ్గురు పెద్దలు, పాప) టేబుల్ ప్లాన్ 1,250.12 డాలర్లు గిట్టాలంటే నాలుగు టేబుల్ భోజనాల్లో కనీసం మూడు క్యారెక్టర్ బఫేలు కావాలి. రెండే అయితే పెద్దల దగ్గర పోయేది పాప దగ్గర మిగిలేదాన్ని పూర్తిగా మింగేసి, పైన ఇంకొంచెం నష్టం తెస్తుంది. ఒక్కటే అయితే ప్లాన్ వదిలేసి ఆ ఒక్క భోజనానికీ డబ్బిచ్చుకోవడం నయం. ఇంకో జాగ్రత్త: సిండ్రెల్లా కోటలోని రాయల్ టేబుల్ లాంటి చోట్ల మనిషికి రెండేసి టేబుల్ క్రెడిట్లు పోతాయి. నాలుగు రాత్రులకు వచ్చేవి తలకు నాలుగే. పాప కోట చూసి పట్టుబట్టిందంటే సగం ఖాళీ అన్నమాట. కోటలోనే తినాలని ముందే నిశ్చయించుకున్నారా, మళ్ళీ లెక్క వెయ్యండి.

క్విక్ ప్లాన్ మాత్రం మీ కుటుంబంలో పెద్దలెవరికీ అచ్చిరాదు. రోజుకు రెండు కౌంటర్ భోజనాలు 42, చిరుతిండి 7, పన్నుతో కలిపి 52 చిల్లర. అది కూడా ప్రతిసారీ డ్రింకు కొని, మధ్యరకం ప్లేటు తీసుకున్న మాంసాహారికి. 57కు అందదు. మిగతాది మగ్గు ఖాతాలో రాసుకోవాలి.

టిప్పు మాట మర్చిపోకండి. పర్సు తియ్యక్కర్లేదని అల్లుడుగారు అన్నది ఇక్కడ నిజం కాదు. ప్లాన్ ధరలో పన్ను కలిసే ఉంటుంది గానీ, అమెరికాలో టేబుల్ సర్వీసుకి ఇచ్చే టిప్పు కలవదు. ఆరుగురూ, అంతకు మించీ ఒకే టేబుల్ దగ్గర కూర్చుంటే 18 శాతం వాళ్ళే బిల్లులో వేసేస్తారు. మీరు సరిగ్గా ఆరుగురు. క్యారెక్టర్ బఫేకి అయిదు 65లు, ఒక 40 కలిపి 365 డాలర్లు అనుకుంటే టిప్పే 65.70. ప్లాన్ ఉన్నా భోజనం అసలు ధర మీదే ఈ శాతం లెక్కగడతారు. కౌంటర్ భోజనాలకు టిప్పు లేదు.

ఈ ప్లాన్‌ని విద్యార్థుల మెస్ టికెట్ల పుస్తకంలా అనుకోండి. ఊరెళ్ళిన రోజుల టికెట్లకు డబ్బు వెనక్కి రాదు. క్రెడిట్లు రోజువారీగా పడవు. చెకిన్ అయ్యాక మొత్తం ఒకేసారి ఆ గది ఖాతాలో చేరతాయి, ఎప్పుడైనా వాడుకోవచ్చు, కానీ ఖాళీ చేసే రోజు అర్ధరాత్రికి రద్దయిపోతాయి. మీది నాలుగు రాత్రులు, అంటే అయిదు పగళ్ళు. మొదటి రోజు రాత్రి భోజనం, మధ్య మూడు రోజుల్లో ఆరు పూటలు, చివరి రోజు మధ్యాహ్నం, మొత్తం ఎనిమిది పూటలు. నాలుగు రాత్రులకు వచ్చే భోజనాలూ ఎనిమిదే. అక్కడే ఇరుక్కుంటారు. అట్లాంటా నుంచి బయల్దేరడం ఆలస్యమై మొదటి రాత్రి దార్లోనే తినేశారనుకోండి, తలకో భోజనం మిగిలిపోయింది. చివరి రోజు పొద్దున్నే తిరుగు ప్రయాణం పెట్టుకుంటే ఇంకోటి. ఆఖరి రోజు మిగిలిన చిరుతిండి క్రెడిట్లతో ప్యాకెట్ కుకీలు, చాక్లెట్లు కొని కారులో వేసుకుంటారు జనం. మెనూలో స్నాక్ గుర్తు ఉన్న వస్తువులకే చెల్లుతుంది. దానితో నీళ్ళ సీసా మాత్రం కొననివ్వకండి, నీళ్ళు ఉచితమని చెప్పాం కదా. ఎన్ని మిగిలాయో రసీదులోనూ, డిస్నీ యాప్‌లోనూ కనబడుతుంది. రోజూ రాత్రి ఓసారి చూసుకుంటే చాలు.

డబ్బు కాకుండా టైమ్ కూడా ఖర్చవుతుంది. టేబుల్ భోజనానికి గంటన్నర తేలిగ్గా పడుతుంది, ఆ రెస్టారెంట్ వేరే చోట ఉంటే బస్సు ప్రయాణం అదనం. ఓర్లాండోలో జూన్ మన వైజాగ్ ఉక్కపోతకు తీసిపోదు, పైగా మధ్యాహ్నాలు ఉరుములతో వాన పడడం అక్కడ మామూలు. కాబట్టి టేబుల్ భోజనం తీసుకునే రోజున దాన్ని మధ్యాహ్నం ఒంటిగంట, రెండు మధ్య పెట్టుకుంటే ఎండా, వానా రెండూ తప్పించుకుని ఏసీలో కూర్చోవచ్చు, మీవారి భోజనం వేళ కూడా తప్పదు. రాత్రి ఎనిమిదిన్నరకు పెడితే పాప బఫేలో నిద్రపోతుంది, మిక్కీ వచ్చేసరికి ఏడుస్తుంది.

అయితే ఆ టేబుళ్ళు దొరకాలి. 60 రోజుల ముందు బుకింగ్ తెరుస్తారు. డిస్నీ హోటల్లో దిగేవాళ్ళకు చెకిన్ రోజు నుంచి వెనక్కి 60 రోజులు లెక్కబెట్టి, ఆ ఒక్కరోజే తమ బస మొత్తానికి (పది రోజుల వరకు) టేబుళ్ళు పట్టుకునే వీలుంటుంది. జూన్ రెండో వారం ప్రయాణమైతే ఏప్రిల్ రెండో వారంలో పొద్దున్నే అల్లుడుగారు యాప్ తెరిచి కూర్చోవాలి. ఆ మూడు క్యారెక్టర్ భోజనాలూ దొరికితేనే ప్లాన్‌కు అర్థం. దొరకకపోతే క్రెడిట్లు ఏదో ఒక హోటల్లో ఖర్చుపెట్టాలని పరుగులు, ఆ పరుగుల్లోనే 17 డాలర్ల నష్టం. బుక్ చేసుకున్న టేబుల్‌కు వెళ్ళలేకపోతే కనీసం రెండు గంటల ముందు రద్దు చెయ్యాలి, లేకపోతే తలకు 10 డాలర్లు జరిమానా పడుతుంది.

మీ శాకాహారం గురించి కంగారుపడక్కర్లేదు, కానీ జాగ్రత్త కావాలి. మెనూల్లో చిన్న ఆకుపచ్చ ఆకు బొమ్మ ఉన్న వంటకాల్లో మాంసం, పాలు, గుడ్లు, తేనె ఏవీ ఉండవు. మీకు ఆ ఆకు బొమ్మే భరోసా. 'వెజిటేరియన్' అన్న మాటకు అక్కడ గుడ్డు తప్పు కాదు, కేకుల్లో, పాస్తాల్లో ఉంటుంది. అన్నం, సూప్ చికెన్ ఉడికించిన నీళ్ళతో చేసి ఉండొచ్చు. మార్ష్‌మాలోలో జెలటిన్ (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది) ఉంటుంది, పిల్లలు తినిపించబోతే వద్దనండి. ఫ్రైస్ వేయించే నూనెలో చికెన్ ముక్కలు కూడా వేయించారా అని అడగాలి. కౌంటర్లో 'నో మీట్, నో ఫిష్, నో ఎగ్, నో చికెన్ బ్రాత్' అని నాలుగూ చెప్పాలి. 'వెజ్' అన్న ఒక్క మాటతో వదిలెయ్యొద్దు. ఐస్‌క్రీమ్ లాంటి పైనాపిల్ డోల్ విప్, ఉప్పు ప్రెట్జెల్, పాప్‌కార్న్ మీకు ఇబ్బంది లేనివి. మీలో ఎవరికీ హాట్‌డాగ్ వద్దు, అక్కడ అది తరచు బీఫ్‌తోనే చేస్తారు. పెప్పరోని ఉన్న పీజ్జాలో పంది మాంసం ఉంటుంది, తరచు బీఫ్ కూడా.

ఒక్క పూటైనా నోటికి రుచి తగలాలంటే యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ హోటల్లోని కిడాని విలేజ్‌లో 'సనా' అనే రెస్టారెంట్ ఉంది. ఆఫ్రికా, భారతదేశాల వంటల్ని కలిపి వండుతారు, కిటికీల బయట జిరాఫీలు, జీబ్రాలు తిరుగుతుంటాయి. అక్కడి పేరున్న వంటకం 'బ్రెడ్ సర్వీస్', నాన్ లాంటి రకరకాల రొట్టెలు, వాటితో చట్నీలు, పచ్చళ్ళు. అది స్టార్టర్ల కింద వస్తుంది కాబట్టి ప్లాన్ ఉన్నవాళ్ళు కూడా దానికి విడిగా డబ్బు కట్టాల్సి రావచ్చు. ప్లాన్ లేని మీరైతే అదొక్కటే తెప్పించుకుని ఇద్దరూ కడుపునిండా తినొచ్చు. ప్లాన్ లేకపోవడం ఎక్కడ కలిసొస్తుందో చూశారా?

పొద్దుటి టిఫిన్ గదిలోనే అన్నాం కదా. కారులో వెళ్తున్నారు కాబట్టి కూల్‌బాక్స్ వేసుకోవచ్చు. గదిలో చిన్న ఫ్రిజ్ ఉంటుంది: పాలు, పెరుగు, పండ్లు, అమ్మాయి ఇంట్లో చేసి తెచ్చుకున్న చపాతీలు, మొదటి రోజుకి పులిహోర. మామూలు గదుల్లో మైక్రోవేవ్ ఉండదు. కొన్ని హోటళ్ళ ఫుడ్ కోర్టులో ఉంటుంది, బుక్ చేసేటప్పుడే అడగమనండి. రైస్ కుక్కర్ మాత్రం తీసుకెళ్ళి గదిలో పెట్టొద్దు. పార్కుల్లోకి కూడా బయటి తిండి పట్టుకెళ్ళనిస్తారు, ఇది చాలామందికి తెలీదు. గాజు సీసాలు, మద్యం, విడి ఐస్ ముక్కలు పనికిరావు. ఐస్ కావాలంటే గడ్డకట్టించే జెల్ ప్యాకెట్లు వేసుకోవాలి. పెరుగన్నం డబ్బా, అరటిపండ్లు, మీవారికి షుగర్ పడిపోతే చేతికందేలా నాలుగు బిస్కెట్లు సంచిలో ఉండాల్సిందే. ఇన్సులిన్ వాడుతుంటే ప్రతి పార్కులోనూ ఉండే ఫస్ట్ ఎయిడ్ సెంటర్లో చల్లగా ఉంచుకునే ఏర్పాటు ఉంటుంది.

విశాఖ నుంచి సర్దుకునేటప్పుడు కందిపొడి, కారప్పొడి, ఆవకాయ సీలు వేసిన ప్యాకెట్లలో పెట్టుకుని, అక్కడ దిగగానే కస్టమ్స్‌లో ఉన్నదున్నట్టు చెప్పండి. పచ్చి కరివేపాకు మాత్రం ఒక్క రెబ్బ కూడా వద్దు. నిమ్మజాతి చెట్లను చంపే తెగులును మోసే పురుగు దాని మీద బతుకుతుంది కాబట్టి అమెరికాలోకి రానివ్వరు, అందులోనూ ఫ్లోరిడా నారింజ తోటల రాష్ట్రం.

ఇక అల్లుడుగారి మనసులో మాట. పెద్దవాళ్ళు అమెరికా మెనూ చూసి, ప్రతి ధరనూ రూపాయల్లోకి మార్చుకుని, 'నాకు ఆకలిగా లేదమ్మా, మీరు తినండి' అంటారని పిల్లలకు తెలుసు. ముందే కట్టేస్తే ఆ మాట వినక్కర్లేదని ఆయన ఆశ. ప్లాన్ కొనడానికి ఇంతకంటే మంచి కారణం మాకు కనబడలేదు. కానీ దానికి వేరే దారి ఉంది: 300 డాలర్ల డిస్నీ గిఫ్ట్ కార్డు ఒకటి కొని మీ చేతికి ఇమ్మనండి. అదీ ముందే కట్టిన డబ్బే. పార్కుల్లోనూ, డిస్నీ హోటళ్ళలోనూ తిండికీ, బొమ్మలకూ చెల్లుతుంది. గడువు లేదు కాబట్టి మిగిలింది అర్ధరాత్రికి మాయమైపోదు, మనవరాలికి మిన్నీ చెవుల బ్యాండు కొనిపెట్టొచ్చు. యాప్‌లో మొబైల్ ఆర్డర్ పెట్టేటప్పుడు కూడా ఆ కార్డుతో కట్టొచ్చు. ఫోన్లో ఆర్డర్ పెట్టి, ఆ రెస్టారెంట్ దగ్గరకు చేరాక 'వచ్చాం' అన్న బటన్ నొక్కితేనే వండడం మొదలుపెడతారు. అది నొక్కకుండా బయట నిలబడి ఎదురుచూసేవాళ్ళు రోజూ కనబడతారక్కడ.

అల్లుడుగారితో మాట్లాడేటప్పుడు 'మాకు వద్దు' అని మొదలుపెట్టకండి. 'రెండు గదులూ రెండు బుకింగ్‌లుగా తీశారా బాబూ? మనవడిని పెద్దల లెక్కలో వేశారా? పాపకు క్యారెక్టర్ భోజనాలు ఎన్ని పెడదామనుకుంటున్నారు?' అని అడగండి. మూడో ప్రశ్నకు మూడో, నాలుగో అంటే వాళ్ళ గదికి టేబుల్ ప్లాన్ తీసుకోమనండి, మీరు వాటిల్లో ఒక్కదానికి వెళ్ళి మీ ఇద్దరి డబ్బు మీ కార్డుతో కట్టండి. ఒకటో, రెండో అంటే ఎవరికీ వద్దు.